తిన్న గంటన్నరకే మళ్లీ ఆకలా?

నాన్నా,

పొద్దున తిన్నది గంటన్నర కూడా ఆగడం లేదని, నోరు కట్టుకోవడం చేతకావడం లేదని రాశావు. చదివి మనసు చివుక్కుమంది. నిన్ను నువ్వు తిట్టుకోవడం ముందు మానెయ్యి. ఏం తింటున్నావో చూద్దాం.

పోయినసారి వచ్చినప్పుడు గమనించాను. జామ్ రాసిన రెండు తెల్ల బ్రెడ్ ముక్కలు, గ్లాసుడు యాపిల్ జ్యూస్. ఫోన్ చూస్తూ ఐదు నిమిషాల్లో ముగించేశావు. పొట్ట సాగిందని నరాలు చెప్పాలి, పేగుల్లోకి తిండి దిగిందని హార్మోన్లు చెప్పాలి. ఆ కబురు మెదడుకు పూర్తిగా అందడానికి 20 నిమిషాల దాకా పడుతుంది. నువ్వు అప్పటికే చెయ్యి కడిగేసుకున్నావు!

1995లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు 38 రకాల ఆహారాలను ఒక్కోటి 240 క్యాలరీల చొప్పున పెట్టి, రెండు గంటల పాటు కడుపు ఎంత నిండుగా ఉందో అడుగుతూ వచ్చారు. తెల్ల బ్రెడ్‌ను 100 అనుకుంటే ఉడికించిన బంగాళాదుంపలకు 323 వచ్చింది. వెన్న దట్టించి చేసే క్రొసాంట్ అనే బేకరీ రొట్టెకు 47 మాత్రమే. క్యాలరీలు సమానమే, కానీ దుంపలైతే పళ్లెం నిండా వస్తాయి, క్రొసాంట్ అరచేతిలో పడుతుంది. నీళ్లు, పీచు ఉన్న తిండి పొట్టలో చోటు ఆక్రమిస్తుంది.

యాపిల్‌నే చూడు. కొరికి, తొక్కతో సహా నమిలి తినడానికి ఐదారు నిమిషాలు పడుతుంది, ఒక్కటి తినేసరికే చాలనిపిస్తుంది. జ్యూస్ చేస్తే రెండు మూడు కాయలు నాలుగు గుక్కల్లో దిగిపోతాయి, పీచంతా పిప్పిలోనే ఉండిపోతుంది.

అలాగని ఒట్టి కీరా ముక్కలతో సరిపెట్టుకోకు. ఒకప్పుడు నేను చేసిన పొరపాటే అది. కడుపు ఉబ్బినట్టే ఉండేది, కాసేపటికే కరకరలాడేది. ప్రోటీన్ ఉండాలి నాన్నా. గుడ్డో, పెరుగో, ఉడికించిన గింజలో ఏదో ఒకటి పళ్లెంలో లేకుండా కూర్చోకు. అన్నిటికంటే నేను నమ్మేది దాన్నే.

నిద్ర తక్కువైనా ఆకలి పెరుగుతుంది, రాత్రిళ్లు త్వరగా పడుకో. సరిగ్గా తింటున్నా విపరీతమైన ఆకలి, దాహం ఉండి, బరువు తగ్గుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకో.

రేపు జ్యూస్ బదులు పండు తిను, రెండు గుడ్లు ఉడకబెట్టుకో, ఫోన్ వేరే గదిలో పెట్టు. నాలుగు రోజులు చేసి, ఎన్ని గంటలకు ఆకలేసిందో నాకు రాయి.

మీ అత్తయ్య