ట్యాంకు మధ్యాహ్నం నింపించు, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

అపార్ట్‌మెంట్ సెక్రటరీవి అయ్యావట, శుభం. కరెంటు విషయంలో ఏం చేస్తే మంచిది మావయ్యా అని అడిగావు కదా. ముప్పై ఏళ్ళు సబ్‌స్టేషన్‌లో గంట గంటకీ లోడు రీడింగులు రాసినవాణ్ణి, నాకు తెలిసింది ఒక్కటే: ఎన్ని యూనిట్లు కాల్చారన్నదే కాదు, ఏ గంటలో కాల్చారో కూడా చూడాలి.

మొన్న నేను వచ్చినప్పుడు సాయంత్రం ఆరున్నరకి మీ వాచ్‌మన్ సంపు మోటారు వేశాడు. అప్పటికే పైన ఏసీలు, మిక్సీలు, కింద స్కూటర్లకి చార్జింగు. మోటారు అందుకోగానే మెట్ల దగ్గర బల్బు ఒక్క క్షణం గుడ్డిదైంది, చూశావా? ఊరంతా అదే టైముకి అదే పని. పొద్దుగూకాక సోలార్ ఉండదు, ఆ బరువంతా ఎక్కువగా బొగ్గు మీదే పడుతుంది. పోనీ సోలార్ దండిగా ఉండే మధ్యాహ్నం థర్మల్ స్టేషన్లు, అదే బొగ్గు కరెంటు కేంద్రాలు, ఆపేస్తారా అంటే, ఆపితే మళ్ళీ బాయిలర్ వేడెక్కడానికి గంటలు పడుతుంది, ఆయిలు తగలెయ్యాలి, అందుకని సగానికి కాస్త పైన నడుపుతూ ఉంటారు. అలా నడిపితే ఒక్కో యూనిట్ కరెంటుకి పట్టే బొగ్గు ఇంకా పెరుగుతుంది.

మీ 5 హెచ్‌పీ మోటారు రెండు గంటలు తిరిగితే ఏడున్నర యూనిట్లు, బొగ్గు లెక్కలో దాదాపు 5 కిలోలు. మన బొగ్గులో మూడో వంతు బూడిదే. థర్మల్ స్టేషన్ పక్క క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో మీ అత్తయ్య ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి వేలు పెడితే గీత పడేది.

శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల జల విద్యుత్ యంత్రాలు 6 ఉన్నాయి, కరెంటు మిగిలినప్పుడు నీళ్ళని వెనక్కి ఎత్తిపోసి, కావలసినప్పుడు వదలడానికి. అలా దాచుకుంటే కరెంటులో ఇరవై, పాతిక శాతం దారిలోనే పోతుంది. మీ మేడ మీద ట్యాంకుకి ఆ బాధ కూడా లేదు, ఎప్పుడు ఎత్తినా అదే నీరు. పదకొండు నుంచి రెండు లోపల నింపించు.

స్కూటర్లు పగలు ఇంట్లో ఉండవు, అది నిజమే. రాత్రి పదకొండు తర్వాత పెట్టమను. అప్పుడూ చాలావరకు బొగ్గు కరెంటే గానీ సాయంత్రం పీక్, అంటే అందరూ ఒకేసారి వాడే బరువు, తగ్గుతుంది. ఆదివారం మాత్రం పగలే పెట్టమను, వాషింగ్ మెషీన్లు కూడా. ఏసీ 26 మీద పెట్టి ఫ్యాన్ వేసుకోమంటే ముగ్గురు వింటారు, మిగతావాళ్ళతో గొడవ పెట్టుకోకు.

బిల్లు తగ్గిపోతుందని మీటింగ్‌లో ఆశ పెట్టకు, యూనిట్లు అవే కదా. ఏ గంటలో ఎంత కాల్చారో లెక్క రాసుకునే స్మార్ట్ మీటర్ ఉన్నవాళ్ళకి సోలార్ గంటల్లో రేటు కనీసం 20 శాతం తగ్గాలని 2023లో కేంద్రం రూల్ తెచ్చింది, మీకు అమలైనప్పుడు చూసుకుందాం.

వాచ్‌మన్‌కి నోటిమాటగా చెప్పి ఊరుకోకు, టైమర్ పెట్టించు. టైమర్ ఒక్కటే పెడితే సంపు ఖాళీగా ఉన్న రోజు మోటారు కాలిపోతుంది, కింద నీళ్ళు అడుగంటితే మోటారు ఆపేసే ఫ్లోట్ స్విచ్ కూడా ఉండాలి. ఆదివారం వస్తాను, ఎలక్ట్రీషియన్‌ని ఉండమను, ఆ స్టార్టర్ బాక్సు నేను ఒకసారి తెరిచి చూడాలి.

మీ మావయ్య