అంకుశం ఎవరి చేతిలో?

సందేహం: మా అబ్బాయి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. యూరప్ చరిత్ర నోట్సులో ఒకచోట 'నిరంకుశ రాజరికం', ఇంకోచోట 'రాజ్యాంగబద్ధ రాచరికం' అని ఉంది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రాన్ని 'మహాశాసనం' అన్నారు. దాని మీద ఇంగ్లండ్ రాజు జాన్ సంతకం చేశాడన్నారు. 1222లో హంగరీ రాజు 'బంగారు ఎద్దు'ను ప్రకటించాడట! వీటిలో ఏవి సరైన మాటలు?

సమాధానం: ముందు ఎద్దు సంగతి చూద్దాం, నవ్వు ఆగడం లేదు. 'గోల్డెన్ బుల్'కూ పశువుల కొట్టానికీ ఏ సంబంధమూ లేదమ్మా. లాటిన్‌లో 'బుల్లా' అంటే బుడగ. బుడగలా గుండ్రంగా ఉండే ముద్రబిళ్లకూ, ఆ బిళ్ల వేలాడే పత్రానికీ అదే పేరు వచ్చింది. హంగరీ రాజు రెండవ ఆండ్రూ తన ప్రభువర్గానికి రాసిచ్చిన పత్రానికి కట్టింది బంగారు ముద్ర. కాబట్టి 'బంగారు ముద్ర పత్రం' అంటే సరిపోతుంది. తానుగానీ తన తర్వాతి రాజులుగానీ ఈ మాట తప్పితే ప్రభువులు ఎదురుతిరగవచ్చు, అది రాజద్రోహం కాదు అని రాజే అందులో ఒప్పుకున్నాడు. అంత పెద్ద విషయాన్ని ఎద్దు తొక్కేసింది.

ఇక సంతకం. జాన్ సంతకం చేయలేదు. ఆ కాలపు రాజపత్రాలకు బలమిచ్చేది చేవ్రాలు కాదు, మైనంతో వేసిన రాజముద్ర. మన వేంగీ చాళుక్యుల రాగిరేకులూ అంతే. వాటిని గుచ్చిన కడియం మీద వరాహం బొమ్మా 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదూ ఉంటేనే అది రాజు మాట. అందుకని '1215 జూన్ 15న, థేమ్స్ ఒడ్డున రన్నీమీడ్ పచ్చిక బయల్లో జాన్ ఒప్పుకుని ముద్ర వేయించాడు' అని రాసుకోమనండి.

'మహాశాసనం' విషయం కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. ఇందులో 'మహా'తోనే పేచీ. 1217లో అడవుల హక్కుల గురించి విడిగా ఇంకో చిన్న పత్రం వెలువడింది. దాన్నుంచి వేరు చేసి చెప్పడానికి మొదటిదాన్ని 'మాగ్నా' అన్నారు. పెద్దల్లుడు అంటే గొప్పవాడని కాదు కదా, ఇంట్లో చిన్నల్లుడు కూడా ఉన్నాడని! ఇదీ అంతే. గొప్పతనం తర్వాతి శతాబ్దాలు అంటగట్టినది. 'కార్టా' కూడా ఏమంత గంభీరమైన మాట కాదు, మొదట్లో కాగితమనే అర్థం. మీ పర్సులోని కార్డూ, గోడమీది చార్టూ, పత్రికలోని కార్టూనూ ఆ ఇంటి పిల్లలే.

మరి 'శాసనం' అనొచ్చా? శాస్ అనే ధాతువుకు ఆజ్ఞాపించడం, దండించడం అని అర్థం. శిష్యుడూ శాస్తీ అందులోంచే వచ్చాయి. శాసనమంటే పైవాడు కిందివాడికి చెప్పేది. రన్నీమీడ్‌లో జరిగింది తలకిందులు. 1204లో ఫ్రాన్స్‌లో తన ఏలుబడిలోని నార్మండీ పోయింది, 1214లో ఫ్రాన్స్ రాజుతో బూవీన్ యుద్ధం పోయింది, పన్నులు మాత్రం పెరుగుతూ వచ్చాయి. లండన్ నగరం తిరగబడ్డ బారన్లకు, అంటే పెద్ద భూములున్న ప్రభువులకు, తలుపులు తెరిచాక జాన్‌కు గత్యంతరం లేకపోయింది. నిజానికి అది బారన్లు రాజుకు చేసిన శాస్తి.

అయినా పత్రం పాఠం చూడండి, తమాషాగా ఉంటుంది. మెడమీద కత్తి ఉన్నా రాజు రాయించింది 'కొంచెస్సిముస్' అని, అంటే 'మేము ఇచ్చితిమి' అని. 'మా తరఫునా మా వారసుల తరఫునా, ఎల్లకాలానికీ' అని కూడా ఉంది. మన దానశాసనాల్లోని 'పుత్రపౌత్ర పారంపర్యంగా', 'ఆచంద్రార్కం' గుర్తుకు రావడం లేదూ? 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం కూడా ఈ బాణీదే. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు పూర్వరాజులు లాక్కునేవారు, మేము నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోము అని అందులో ఉంది. రాజు తన చేతిని తానే కట్టుకోవడం రెండింటా ఉంది. మోటుపల్లిలో దయ, రన్నీమీడ్‌లో బలవంతం. కాబట్టి శాసనం అంటే తప్పు పట్టను గానీ, నన్నడిగితే 'ఒడంబడిక పత్రం' అంటాను, లేదా మాగ్నా కార్టా అనే ఉంచుతాను.

చివరిగా 'నిరంకుశ'. అంకుశం మావటివాడి చేతిలో ఉండే కొక్కెం. అది లేని ఏనుగు నిరంకుశం. కవులు నిరంకుశులు అన్నప్పుడు ముచ్చటగానే ఉంటుంది, రాజు దగ్గరికి వచ్చేసరికే చిక్కు. ఇందాకటి చాళుక్యరాజు మూడు లోకాలకూ తానే అంకుశమన్నాడు, మరి ఆయనకు అంకుశమేది? మాగ్నా కార్టాలో, ఇప్పటి లెక్కలో 61వ షరతు, దీనికి సూటిగా జవాబు చెప్పింది. 25 మంది బారన్లను ఎన్నుకోవాలి. రాజు మాట తప్పితే వాళ్లు చెప్పాలి. 40 రోజుల్లో దిద్దుకోకపోతే ఆయన కోటలూ భూములూ జప్తు చేయవచ్చు. రాజునూ రాణినీ పిల్లలనూ మాత్రం ముట్టకూడదు. అప్పు కట్టని రైతు ఇంటికి అమీను వచ్చినట్టే!

ఇది పది వారాలకు మించి నిలవలేదు. ఆగస్టు 24న పోప్ మూడవ ఇన్నొసెంట్ అది చెల్లదన్నాడు (ఆయన పంపిందీ ఒక 'బుల్లే'). 1216లో జాన్ పోయాక, చిన్నపిల్లవాడైన ఆయన కొడుకు మూడవ హెన్రీ పేర పత్రాన్ని మళ్లీ వెలువరించినప్పుడు 61వ షరతును తీసేశారు. 'సాటివారి తీర్పు లేదా దేశచట్టం ప్రకారం తప్ప' స్వతంత్రుణ్ణి చెరపట్టరాదన్న మాట మాత్రం నిలిచింది. ఆ 'స్వతంత్రుడు' అన్న మాట దగ్గర మీ అబ్బాయిని కాస్త ఆగమనండి. పొలం వదిలి వెళ్లే హక్కు లేని దాసరైతులు దాని కిందికి రారు, జనంలో పెద్దభాగం వాళ్లే.

అందుకే 13వ శతాబ్దానికి 'రాజ్యాంగబద్ధ' అనే విశేషణం నప్పదు. ఆనాడు రాజ్యాంగమన్న ఊహే లేదు. 'పరిమిత' అనండి, 'హద్దులున్న' అంటే ఇంకా బాగుంటుంది. రాచరికమా రాజరికమా అంటే, రాచబాట, రాచకొండలలోలాగా పాత రూపం రాచరికం. రాజరికం వాడుకలో స్థిరపడింది. ఏదో ఒకటి రాయమనండి, ఒకే పేజీలో రెండూ వద్దు.