కీమోలో ఉన్న చిన్నమ్మకు కార్డులు పంపాలంటే ఏం రాయాలి?

మీ చిన్నమ్మగారికి విజయనగరంలో రొమ్ము క్యాన్సర్‌కి కీమో నడుస్తోందని, ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నారని, అందుకే బెంగళూరు నుంచి మీ చేత్తో చేసిన కార్డులు పంపాలనుకుంటున్నానని రాశారు. తప్పకుండా పంపండి. నాకూ అదే జబ్బు వచ్చింది. మాది శ్రీకాకుళం. మా వైపు చాలామందిలాగే విశాఖ వెళ్ళి వైద్యం చేయించుకున్నాను. ఆ రోజుల్లో మా మేనకోడలు హైదరాబాద్ నుంచి కార్డులు పంపేది. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ఫోన్ ఎందుకు ఎత్తబుద్ధి కాదంటే, ఎవరు చేసినా "ఎలా ఉంది?" అనే మొదలుపెడతారు. బాగోలేదంటే అవతలివాళ్ళు ఏడుస్తారు, వాళ్ళని మళ్ళీ మనమే ఓదార్చాలి. బాగుందంటే అబద్ధం. కార్డుతో ఆ ఇబ్బంది లేదు. ఓపికుంటే అప్పుడే చదువుకుంటాం, లేకపోతే దిండు కింద పెట్టుకుంటాం. అందుకని మీరు రాసేదాంట్లో ఒక్క ప్రశ్న కూడా ఉండకుండా చూసుకోండి. "జవాబు రాయక్కర్లేదు, ఫోనూ చెయ్యక్కర్లేదు" అని చివర్లో రాయండి. మా మేనకోడలు ప్రతిసారీ అలాగే రాసేది. ఆ మాట నాకు ఎంత ఊరటో చెప్పలేను.

ఇక ఏం రాయాలి? ఆవిడ మీకోసం చేసినవి రాయండి. మంచం పట్టాక అందరూ మనకి చేసేవాళ్ళే అవుతారు, మనం ఒకప్పుడు ఎవరికైనా ఏమైనా చేశామన్న సంగతే మర్చిపోతాం. చిన్నప్పుడు పైడితల్లి అమ్మవారి పండక్కి మిమ్మల్ని భుజానికెత్తుకుని, పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను మూడుసార్లు కోటదాకా వెళ్ళొచ్చేవరకూ దించకుండా చూపించి ఉంటే, అది రాయండి. నేను మా మేనకోడలికి పొందూరు ఖద్దరు మిగులు గుడ్డతో ఒక గౌను కుట్టాను. వాళ్ళమ్మ దాచిన ఆ గౌను అంచు నుంచి వేలెడంత ముక్క కత్తిరించి కార్డు మీద అంటించి, కింద "అత్తా, ఈ గౌను జేబులో నేను దాచుకున్న జీడిపప్పు అన్నయ్యకి ఎప్పుడూ దొరకలేదు" అని రాసింది. ఆ గుడ్డని బొటనవేలితో రుద్దుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. బజార్లో కొన్న ఏ కార్డూ నన్నలా కూర్చోబెట్టలేదు.

"ధైర్యంగా ఉండు", "నీకేం కాదు" అని మాత్రం వద్దు. భయమేసిన రాత్రి ఆ మాటలు గుర్తొస్తే, భయపడటం కూడా మన తప్పే అనిపిస్తుంది. ఫలానా పసరు తాగితే తగ్గిందట లాంటివి అసలే వద్దు. తిండి కబుర్లు కూడా కీమో పడిన వారం రాయకండి, వాంతులు, నోటిపూత ఉన్నప్పుడు పులుసు పేరు విన్నా కడుపులో తిప్పుతుంది.

ఎప్పుడు పంపాలో మీ బాబాయిని అడిగి తెలుసుకోండి. మూడు వారాలకోసారి ఎక్కించే కీమో అయితే, సాధారణంగా మొదటి వారం దాటాక రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఇన్ఫెక్షన్ భయంతో చుట్టాల్ని రానివ్వరు. ఆ రెండో వారం ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. కార్డు సరిగ్గా అప్పుడు చేరేలా కాస్త ముందే స్పీడ్ పోస్టులో వేయండి.

కవరు మూతకి టేపు చుట్టేయకండి. పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులు పడ్డాక వేళ్ళ చివర్లు మొద్దుబారతాయి, కవరు చింపడం కూడా కష్టమే. సెంటు, రాలిపోయే మెరుపు పొడి వద్దు. అక్షరాలు పెద్దవిగా, నాలుగైదు వాక్యాలు చాలు, అంతకంటే చదవలేం. ఇంకో ముఖ్యమైన విషయం, విడి పోస్టుకార్డు మీద జబ్బు సంగతి రాయకండి. చాలా ఇళ్ళలో ఇది వీధిలో చెప్పుకోరు. పెళ్ళీడు పిల్లలుంటే మరీ. ఎవరికి తెలియాలో నిర్ణయించుకునే హక్కు ఆవిడదే.

కీమో అయిపోగానే ఆపేయకండి, ఇది బతిమాలి చెప్తున్నాను. ఆ తర్వాత చాలామందికి రేడియేషన్ ఉంటుంది, మావాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు. హార్మోన్ రకం క్యాన్సరైతే మాత్రలు ఐదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. జుట్టు మళ్ళీ రావడం చూసి అంతా తగ్గిపోయిందనుకుని చుట్టాలు రావడం మానేస్తారు, ప్రతి స్కానింగ్ ముందూ టెన్షన్ మాత్రం అలాగే ఉంటుంది. మీరు ఇప్పుడు పది కార్డులు చేస్తే సగం అప్పటికి దాచండి.