కుక్కలకి లోకం ఎలా కనిపిస్తుంది? అవి నిజంగా ఆలోచిస్తాయా?

ఆలోచిస్తాయండి, కాకపోతే మనలా మాటల్లో కాదు. కుక్కకి అంతా బ్లాక్ అండ్ వైట్‌లో కనిపిస్తుందంటారు గానీ అది తప్పు, నీలం పసుపు బాగానే తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చ తేడానే తెలీదు, అందుకే గడ్డిలో ఎర్ర బంతి విసిరితే ముక్కుతో వెతుక్కుంటుంది. అసలు దాని లోకమంతా వాసనే. కరెంటు స్తంభం దగ్గర ఆగి అంతసేపు వాసన చూస్తుందా, ఏ కుక్క వచ్చెళ్ళింది, ఆడదా మగదా, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. ఊపిరి వదిలే గాలి ముక్కు పక్క చీలికల్లోంచి పోతుంది కాబట్టి లోపలికొచ్చే వాసన చెదరదు, భలే ఏర్పాటు!

ఇక ఆలోచన సంగతంటే, జర్మనీలో రికో అనే బోర్డర్ కోలీ జాతి కుక్కకి 200 దాకా వస్తువుల పేర్లు తెలిసుండేవి. ఎప్పుడూ వినని పేరు చెప్పి తెమ్మంటే, తెలిసిన బొమ్మలన్నీ వదిలేసి ఆ కొత్తదే ఎక్కువసార్లు తెచ్చింది, 2004లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చిందిది. "మిగతావాటికి పేర్లున్నాయి, అయితే ఇదే అయ్యుండాలి" అన్న లెక్క బట్టీ పడితే వచ్చేది కాదుగా.

అలాగని చెప్పు కొరికి తలదించుకుంటే పశ్చాత్తాపం అనుకోకండి, 2009లో కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ పరీక్షించి చూస్తే, ఏ తప్పూ చేయని కుక్కలు కూడా ఓనర్ తిట్టగానే అదే మొహం పెట్టాయి.