జాబితాలో ‘పీబీ’ పడ్డాక బూత్‌లో ఓటుండదు

ప్రశ్న: మాది తెనాలి. జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్‌ని. ఎన్నికలొస్తే నాకు పోలింగ్ డ్యూటీ తప్పదు. 2024లో డ్యూటీ సిబ్బంది ఓటేసే ఫెసిలిటేషన్ సెంటర్‌లో పోస్టల్ బ్యాలెట్ వేశాను. ఆ రద్దీలో కవర్లు సరిగ్గా పెట్టానో లేదో అన్న అనుమానం ఇంకా పోలేదు. వచ్చేసారి ఈడీసీ (ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్) తీసుకుని, పోలింగ్ రోజునే డ్యూటీ బూత్‌లో ఓటేస్తే గొడవుండదని తోటి టీచర్లు అంటున్నారు. ఏది తీసుకోవాలన్నది నా ఇష్టమేనా? మా అమ్మకు 86 ఏళ్లు. ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారట, ఒప్పుకోవాలా, బూత్‌కే తీసుకెళ్లాలా? తమ్ముడు హెచ్1బీ వీసా మీద డాలస్‌లో ఉన్నాడు. చెల్లెలు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తోంది, ఓటు మాత్రం తెనాలిలోనే ఉంది. వీళ్లిద్దరికీ పోస్టులో ఓటు పంపే వీలుందా?
- ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఈడీసీ సంగతి. ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్ మీ ఇష్టం మీద కన్నా మీకు డ్యూటీ ఎక్కడ పడిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 20వ నియమం ప్రకారం, ఏ నియోజకవర్గంలో ఓటరో అదే నియోజకవర్గంలో డ్యూటీ చేసే ఉద్యోగులకే ఈడీసీ ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు, అసెంబ్లీకి ఒకే రోజు పోలింగ్ జరుగుతుంది కాబట్టి మీకు రెండు ఓట్లు, రెండు నియోజకవర్గాలు. తెనాలి ఓటరైన మీకు మంగళగిరిలో డ్యూటీ పడిందనుకోండి. రెండూ గుంటూరు లోక్‌సభ స్థానం కిందివే, అందుకని లోక్‌సభ ఓటుకు ఈడీసీ పనికొస్తుంది. అసెంబ్లీ ఓటుకు పనికిరాదు, మంగళగిరి ఈవీఎం మీద తెనాలి అభ్యర్థులు ఉండరు కదా. అదే రేపల్లెలో పడితే, అది బాపట్ల లోక్‌సభ కిందికి వస్తుంది, రెండు ఓట్లకూ ఈడీసీ చెల్లదు.

పైగా పోలింగ్ సిబ్బందిని కంప్యూటర్‌లో కలిపి పంచేటప్పుడు సొంత నియోజకవర్గం, నివాసం ఉండే చోటు, పనిచేసే చోటు తప్పించి వేయాలన్నది ఎన్నికల సంఘం పద్ధతి. అంటే ప్రిసైడింగ్ అధికారి (పీవో), సహాయ ప్రిసైడింగ్ అధికారి (ఏపీవో), ఇతర పోలింగ్ అధికారులు (ఓపీవో)గా వెళ్లే టీచర్లకు సొంత అసెంబ్లీ నియోజకవర్గంలో డ్యూటీ పడటం అరుదు. మీ తోటివారి సలహా తెలంగాణలో బాగా పనికొస్తుంది. అక్కడ అసెంబ్లీకి 2023 నవంబర్ 30న, లోక్‌సభకు 2024 మే 13న విడివిడిగా పోలింగ్ జరిగింది. లోక్‌సభ ఎన్నిక ఒక్కటే ఉన్నప్పుడు, ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఎక్కడ డ్యూటీ పడినా అదే లోక్‌సభ స్థానం అయితే ఈడీసీ నడుస్తుంది. మీకు మాత్రం రెండు ఓట్లూ దక్కాలంటే దాదాపుగా పోస్టల్ బ్యాలెట్టే దారి.

ఈడీసీకి అవకాశం నిజంగా ఉంటే వదులుకోవద్దనే నా సలహా. ఫారం 12-ఎ నింపి పోలింగ్‌కు కనీసం నాలుగు రోజుల ముందు రిటర్నింగ్ అధికారికి చేరేలా ఇవ్వాలి. ఇంకా తక్కువ గడువుకు ఒప్పుకునే అధికారం ఆయనకుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఈడీసీ ఇచ్చాక మీ సొంత బూత్ జాబితాలో మీ పేరు దగ్గర ‘ఈడీసీ’ అని గుర్తు పెడతారు, అక్కడిక ఓటుండదు. పోలింగ్ రోజున మీరు డ్యూటీ చేసే బూత్‌లో ప్రిసైడింగ్ అధికారికి ఆ సర్టిఫికెట్ అప్పగించి, అందరిలాగే ఈవీఎం మీద వేస్తారు. లాభం ఏమిటంటే, ఈవీఎం మీద వేసిన ఓటు చెల్లకుండా పోదు. కాగితం మీద వేసిన ఓటు చెల్లకుండా పోవడానికి అరడజను దారులున్నాయి.

ఇక పోస్టల్ బ్యాలెట్. పేరుకే పోస్టల్, మీ విషయంలో పోస్టు డబ్బాకీ దానికీ సంబంధం లేదు. 2023 ఆగస్టులో చేర్చిన 18-ఎ నియమంతో డ్యూటీలో ఉన్న ఓటరు ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే బ్యాలెట్ తీసుకోవాలి, అక్కడే ఓటేయాలి, అక్కడే పెట్టెలో వేసి రావాలి. ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా నింపి, కౌంటింగ్ తెల్లవారేలోపు పంపే పాత వెసులుబాటు పోయింది. కొందరు సీనియర్ టీచర్లు ఇప్పటికీ పాత లెక్కలోనే సలహాలిస్తుంటారు, జాగ్రత్త.

దరఖాస్తు ఫారం 12. పోలింగ్‌కు కనీసం ఏడు రోజుల ముందు చేరాలన్నది నియమం. మొదటి శిక్షణ రోజునే డ్యూటీ ఆర్డర్ కాపీ, ఓటరు కార్డు కాపీ జత చేసి ఇచ్చేయడం మేలు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు పోలింగ్ కేంద్రం భాగం సంఖ్య, వరుస సంఖ్య తప్పు రాయడం. కిందటి ఎన్నికల స్లిప్ చూసి రాస్తారు, జాబితా సవరించాక ఆ నంబర్లు మారి ఉంటాయి. రాసే రోజున ఎన్నికల సంఘం యాప్‌లో మీ పేరు వెతికి, కొత్త నంబర్లు చూసి రాయండి. ఇంకోటి, మీరు ఓటరుగా ఉన్న నియోజకవర్గం ఒకటి, శిక్షణ పొందేది మరొకటి అయితే మీ బ్యాలెట్ అక్కడి రిటర్నింగ్ అధికారి నుంచి ఇక్కడికి రావాలి. సెంటర్ తెరిచిన మొదటి రోజున అది రాకపోవచ్చు. ‘రేపు చూద్దాం’ అని నోటిమాటతో వెనక్కి రావద్దు. పోస్టల్ బ్యాలెట్లు చూసే నోడల్ అధికారికి ఆ రోజే కాగితం రాసిచ్చి రసీదు అడగండి. చివరి రోజు దాకా ఆగితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

మీ భయమంతా కవర్ల దగ్గరే కాబట్టి అది విడిగా చెప్తాను. చేతికి వచ్చేవి బ్యాలెట్ పేపర్, ఫారం 13-ఎ అనే ధ్రువీకరణ, 13-బి అనే చిన్న కవర్, 13-సి అనే పెద్ద కవర్, 13-డి అనే సూచనల కాగితం. రెండు ఎన్నికలు కలిసి వస్తే ఇవన్నీ రెండు జతలు. ఒక జత పూర్తిగా ముగించి, అంటించి, పక్కన పెట్టాకే రెండో జత ముట్టుకోండి. లోక్‌సభ బ్యాలెట్ అసెంబ్లీ కవర్లోకి వెళ్లడం ఆ టేబుళ్ల మీద జరిగే మొదటి ప్రమాదం.

బ్యాలెట్ మీద అభ్యర్థి పేరుకు ఎదురుగా టిక్కు గానీ ఇంటూ గానీ ఒక్కటే, స్పష్టంగా, ఆ గడి దాటకుండా పెట్టాలి. సంతకం, పొడి అక్షరాలు, ‘విజయీభవ’ లాంటి దీవెనలు ఏవి రాసినా ఓటరు ఎవరో తెలిసే గుర్తుగా లెక్కగట్టి తిరస్కరించవచ్చు. బ్యాలెట్‌ను 13-బి కవర్లో పెట్టి అంటించండి. బ్యాలెట్ వరుస సంఖ్య, ఆ కవర్ మీది సంఖ్య, 13-ఎలో రాసిన సంఖ్య మూడూ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత 13-ఎ ధ్రువీకరణ, అంటించిన 13-బి, రెండూ విడివిడిగా 13-సి పెద్ద కవర్లోకి వెళ్లాలి. ధ్రువీకరణను పొరపాటున చిన్న కవర్లో బ్యాలెట్‌తో కలిపి అంటించేస్తే పని అయిపోయినట్టే. కౌంటింగ్‌లో పెద్ద కవర్ విప్పగానే మొదట వెతికేది ఆ ధ్రువీకరణ. అది కనిపించకపోతే చిన్న కవర్ తెరవకుండానే ఓటు తిరస్కరిస్తారు, లోపల ఎంత చక్కగా టిక్కు పెట్టినా సరే.

13-ఎ మీద మీరు సంతకం పెట్టేది గెజిటెడ్ అధికారి ఎదుట. ఆయన అటెస్ట్ చేయాలి. సెంటర్‌లో అందుకోసమే ఒకరిని కూర్చోబెడతారు. ఆయన సంతకంతో పాటు పేరు, హోదా, సీలు ఉన్నాయా చూసుకుని లేవండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీలు విషయమే పెద్ద వివాదమైంది. రిటర్నింగ్ అధికారి నియమించిన అధికారి సంతకం ఉంటే, పేరు, హోదా, సీలు లేవన్న కారణంతో తిరస్కరించవద్దని ఎన్నికల సంఘం మే 30న చెప్పింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను హైకోర్టు పట్టించుకోలేదు, జూన్ 3న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. మరునాడే కౌంటింగ్. కాబట్టి సీలు లేకపోయినా ఓటు నిలిచే అవకాశం ఉంది, కానీ అర నిమిషంలో వేయించుకోగల ముద్ర కోసం వాదనకు చోటెందుకు ఇవ్వాలి?

2024లో మీ కవర్ ఏమైందో తెలుసుకునే దారి లేదు. ధ్రువీకరణలు, తిరస్కరించిన బ్యాలెట్లు సీలు చేసి ఉంచుతారు, 93వ నియమం ప్రకారం కోర్టు ఉత్తర్వు లేకుండా విప్పరు. ఓటరు కుతూహలం దానికి కారణం కాదు.

పోస్టల్ బ్యాలెట్ జారీ అయితే మీ బూత్ జాబితాలో మీ పేరు దగ్గర ‘పీబీ’ పడుతుంది. ఆ తర్వాత డ్యూటీ రద్దయినా, బ్యాలెట్ వాడకుండా వదిలేసినా, పోలింగ్ రోజున ఆ బూత్‌లో ఓటేయనివ్వరు. ఫారం 12 ఇచ్చాక డ్యూటీ రద్దయితే అదే రోజు రద్దు ఉత్తర్వు కాపీతో రిటర్నింగ్ అధికారికి రాసివ్వండి. బ్యాలెట్ ఇంకా జారీ కాకపోతేనే సర్దే వీలుంటుంది.

అమ్మగారి విషయానికొస్తే, ఇంటి ఓటు వయసు 85. తెలంగాణలో 2023 ఎన్నికలప్పుడు 80 ఏళ్లే ఉండేది, 2024 మార్చిలో పెంచారు. వికలాంగులకైతే వయసుతో పనిలేదు, 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉండాలి. ఆమె నిజంగా 86 దాటినా, ఓటరు జాబితాలో 83 అని ఉంటే చిక్కే. పాతకాలం ఎన్యూమరేటర్లు అంచనాగా వేసిన వయసులు ఇప్పటికీ జాబితాల్లో ఉన్నాయి. ఇప్పుడే చూసి, తేడా ఉంటే ఫారం 8తో దిద్దించండి. నామినేషన్ల గడువు ముగిశాక జాబితా ముట్టరు.

ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన తేదీ నుంచి ఐదు రోజుల్లోగా ఫారం 12-డి చేరాలి. ఆ ఫారం బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) ఇంటికి తెచ్చిస్తారు, రాకపోతే మీరే అడిగి తీసుకోండి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆమె ఇష్టం. ఒప్పుకుంటే పోలింగ్‌కు ముందే ఇద్దరు పోలింగ్ సిబ్బంది, పోలీసు, వీడియోగ్రాఫర్ చెప్పిన రోజున ఇంటికొస్తారు. ఆమె లేకపోతే ఇంకోసారి వస్తారు, మూడోసారి ఉండదు. అప్పటికీ దొరకకపోతే ఓటు పోయినట్టే, ఎందుకంటే ఆమె పేరు దగ్గర కూడా ‘పీబీ’ పడి ఉంటుంది.

మంచం మీద ఉన్న మనిషికి ఇది వరమే. కానీ పెద్దవాళ్లు నాలుగు నెలలు మీ దగ్గర, మిగతా నెలలు చెల్లెలి దగ్గర హైదరాబాద్‌లో ఉండే ఇళ్లలో 12-డి ఇచ్చే ముందు ఆగి ఆలోచించండి. బృందం నియోజకవర్గం దాటి రాదు. నోటిఫికేషన్ నుంచి పోలింగ్ దాకా ఆమె తెనాలిలోనే ఉంటారన్న నమ్మకం లేకపోతే, కారెక్కి దిగగలిగితే, బూత్‌కే తీసుకెళ్లండి. వృద్ధులను క్యూతో పని లేకుండా లోపలికి పంపుతారు, చక్రాల కుర్చీ అడగొచ్చు. తోడు వెళ్లే విషయంలో ఒక షరతుంది. వయసు మీద పడిందన్న ఒక్క కారణంతో ఓటు గది దాకా తోడు రానివ్వరు. గుర్తులు కనిపించకపోవడమో, సాయం లేకుండా బటన్ నొక్కలేకపోవడమో ఉండాలి. ఆ తోడుకు 18 ఏళ్లు నిండాలి, ఆ రోజు మరొకరికి తోడుగా వెళ్లకూడదు.

తమ్ముడికి పోస్టు ఓటు లేదు. భారత పౌరసత్వం ఉంది కాబట్టి ఫారం 6-ఎతో పాస్‌పోర్టులో ఉన్న చిరునామాకు ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు, కానీ పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టు పట్టుకుని తెనాలి బూత్‌కు రావాల్సిందే. రేపు అమెరికా పౌరసత్వం తీసుకుంటే, విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఇక్కడ ఓటుండదు. సైన్యంలో ఉన్నవారికి ఎలక్ట్రానిక్‌గా బ్యాలెట్ పంపే పద్ధతి ఉంది, అది ప్రవాసులకు వర్తించదు.

చెల్లెలికీ పోస్టల్ సౌకర్యం లేదు. ఆమెకున్నది సెలవు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 135-బి సెక్షన్ కింద వ్యాపార, పారిశ్రామిక సంస్థల్లో పనిచేసే ఓటరుకు పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయల దాకానే, అందుకే కొందరు లెక్కచేయరు. చట్టం సెక్షన్ పేరు రాసి హెచ్‌ఆర్‌కు వారం ముందే మెయిల్ పెడితే చాలావరకు మాట వింటారు. తెలంగాణలో అదే రోజు పోలింగ్ లేకపోతే ఆ మెయిల్ మరీ అవసరం, అక్కడి ఆఫీసులకు ఆ తేదీ గుర్తుండదు.

పై నియమాలన్నీ లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం కిందివి, వాటి ఫారాలు వేరు, గడువులు వేరు. ఆ డ్యూటీ ఆర్డర్ అందిన రోజునే పోస్టల్ బ్యాలెట్ గురించి ఎంపీడీవో ఆఫీసులోనో మున్సిపల్ ఆఫీసులోనో అడగండి.