ఫ్లాపీ లేని సర్వర్‌లో ఫ్లాపీ లోపం

ఫ్లాపీయే లేని వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) భద్రతా స్కానర్ సీవీఈ-2022-33981 అనే లినక్స్ ఫ్లాపీ డ్రైవర్ లోపాన్ని ఎందుకు చూపిస్తోందని అడిగారు కదండీ. తప్పుడు అలారం అనుకోకండి. వర్చువల్ మెషీన్లకు చాలాసార్లు ఉత్తుత్తి ఫ్లాపీ కంట్రోలర్ తగిలించి ఉంటుంది. దాని కోసం లినక్స్ డ్రైవర్‌ను లోడ్ చేసేస్తుంది.

రా కమాండ్ (ఫ్లాపీ కంట్రోలర్‌కు నేరుగా పంపే ఆదేశం) కోసం తీసుకున్న మెమరీని ఒక థ్రెడ్ (విడిగా నడిచే పని) విడుదల చేసేశాక, మరో థ్రెడ్ అదే చిరునామాను వాడటం ఆ డ్రైవర్‌లోని లోపం. ఖాళీ చేసిన ఇంటి తాళంచెవి ఇంకా జేబులో ఉన్నట్టు! ఈలోగా అక్కడికి వేరే డేటా చేరితే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ కుప్పకూలవచ్చు. కెర్నల్ 5.17.6 వెర్షన్‌లో ఆ రా కమాండ్‌నే డిఫాల్ట్‌గా ఆపేశారు. నాకైతే అతుకులు వేయడం కన్నా అదే నయం. మీ డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు లాంటి లినక్స్ రూపం) పాత వెర్షన్ నంబర్‌తోనే ప్యాచ్ (సవరణ) ఇచ్చి ఉండొచ్చు, చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) చూడండి.

ఇప్పుడే రీబూట్ కుదరదంటే మాడ్‌ప్రోబ్ (modprobe) కమాండ్‌తో ఫ్లాపీ మాడ్యూల్‌ను, అంటే ఆ డ్రైవర్‌ను, తీసేయండి. మాడ్‌ప్రోబ్ సెట్టింగుల ఫైల్‌లో బ్లాక్‌లిస్ట్ (దానంతట అది లోడవకుండా ఆపే) వరుస ఒక్కటే చాలదు, పేరు పెట్టి పిలిస్తే మళ్లీ లోడవుతుంది. అక్కడే install floppy /bin/false అనే ఇన్‌స్టాల్ వరుస పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో లోడయ్యే ఫైళ్ల కట్టను) మళ్లీ తయారుచేయండి.