చిన్నప్పటి హెపటైటిస్ బి టీకా ఇంకా పనిచేస్తుందా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి జబ్బుకి పసితనంలో వేసిన టీకా ఇరవై ఏళ్లు దాటాక కూడా కాపాడుతుందా, మళ్లీ బూస్టర్ వేయించుకోవాలా అని కదా మీరు అడిగింది. కాపాడుతుంది. డోసులన్నీ పూర్తయి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి బూస్టర్ అక్కర్లేదు. నేను డాక్టర్ని కాను, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమాస్తాని. కానీ ఈ ఒక్క విషయం మీద నిద్ర మానుకున్నవాణ్ణి, కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

2025 మార్చి. యార్డులో సీజను మంచి ఊపు మీద ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఇంకా పద్దులు చూసుకుంటుంటే మా పెద్దమ్మాయి ఫోన్ చేసింది. తను విజయవాడలో నర్సింగ్ చదువుతోంది, ఆ నెల ఒక ఆసుపత్రిలో డ్యూటీ వేశారు. "నాన్నా, కంగారు పడకు, సూది గుచ్చుకుంది" అంది. రోగికి రక్తం తీసిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకుంది. వాడిన సూదికి మూత పెట్టకూడదని మొదటి ఏడాదే చెబుతారట. సీనియర్ సిస్టర్ ఒక పక్క తిడుతూనే, ఇంకో పక్క వేలిని సబ్బుతో కడిగించి, టైటర్ పరీక్షకు, అంటే టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలు (వైరస్‌ని అడ్డుకునే పదార్థాలు) నెత్తుట్లో ఎంత ఉన్నాయో చూడటానికి, రక్తం తీయించింది. టీకాల కార్డు ఫోటో పంపమన్నారు.

ఇంట్లో కార్డు వెతకడం అంటే మీకూ తెలుసు. బీరువాలో ఎల్ఐసీ బాండ్లు, ఎప్పుడో చెల్లిపోయిన రేషన్ కార్డు, పెళ్లి శుభలేఖలు, అన్నీ దొరికాయి. చివరికి పట్టుచీరల అడుగున దొరికింది, కొత్తపేటలో పిల్లల డాక్టరు ఇచ్చిన పసుపుపచ్చ పుస్తకం. 2004లో పుట్టిన రోజున ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి. మూడూ ఉన్నాయి. హమ్మయ్య అనుకునేలోపే మా ఆవిడ వేలు పెట్టి చూపించింది. వాటి కింద పెన్సిల్‌తో "5 ఏళ్లకు బూస్టర్" అని రాసి ఉంది.

ఆ బూస్టర్ వేయించలేదు. 2009లో నేనే "ఈ నెల కాదులే, పై నెల చూద్దాం" అన్నానట. నాకు గుర్తులేదు, ఆవిడకి తేదీతో సహా గుర్తుంది. ఇరవై ఏళ్లుగా లెక్కలు రాసేవాణ్ణి, నా పద్దులోనే తేడా పట్టుకున్నట్టయింది.

బస్సెక్కాను. గుంటూరు నుంచి విజయవాడ ఎంత దూరమని, కానీ ఆ రోజు మంగళగిరి రావడానికే యుగం పట్టింది. దారిలో ఫోన్లో వెతికితే ఒకడు పదేళ్లే అంటాడు, ఒకడు జీవితాంతం అంటాడు. పదకొండున్నరకు టైటర్ రిపోర్టు వచ్చింది: 4. కనీసం 10 ఉండాలి. ఫోన్లో మా ఆవిడ ఏడుపు. రోగికి పరీక్ష చేద్దామంటే వాళ్ల వాళ్లు "మా మనిషికెందుకు?" అని గొడవ, నచ్చజెప్పి రక్తం తీసేసరికి అర్ధరాత్రి దాటింది. నా భయమంతా హెచ్ఐవీ గురించి. డ్యూటీ డాక్టరు చిన్న కుర్రాడు, మా రెండోవాడి కంటే నాలుగేళ్లు పెద్దేమో. హెచ్ఐవీ ఉన్న సూది గుచ్చుకుంటే అంటేది 1000 మందిలో ముగ్గురికి, హెపటైటిస్ బి అయితే టీకా లేనివాళ్లలో 100కి 30 మంది వరకూ అంటుకోవచ్చు అన్నాడు. ఉన్న టెన్షన్ ఇంకా పెంచాడు మహానుభావుడు.

"మరి మా అమ్మాయికి టీకా బలం పోయినట్టేగా, 4 వచ్చిందంటే?" అని అడిగాను. "అలా కాదండీ, టైటర్ తగ్గితే రక్షణ పోయినట్టు కాదు. శరీరానికి గుర్తుంటుంది" అన్నాడు. ఆ మాట నాకు మా యార్డు భాషలోనే అర్థమైంది. జూన్లో యార్డుకొచ్చి చూస్తే టిక్కీలు (మిర్చి బస్తాలు) పెద్దగా కనబడవు. అంతమాత్రాన ఊళ్లో మిర్చి లేనట్టా? కోల్డ్ స్టోరేజీల నిండా ఉంటుంది. ధర కదిలితే లారీలు కట్టుకుని బయటికొస్తుంది. టైటర్ అంటే ఆ రోజు యార్డులో కనిపించే సరుకు మాత్రమే. నెత్తుట్లో జ్ఞాపక కణాలని ఉంటాయట, అవి కోల్డ్ స్టోరేజీ. పైగా ఈ వైరస్ నిదానస్తురాలు. ఒంట్లో చేరాక జబ్బుగా బయటపడటానికి నెలన్నర నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆలోపు నిద్రలేచి సరుకు దింపడానికి ఆ కణాలకు కావలసినంత టైము.

తెల్లారాక రోగి రిపోర్టు వచ్చింది. అన్నీ నెగటివ్. అయినా అమ్మాయికి ఒక డోసు వేశారు. నెల తర్వాత మళ్లీ టైటర్ చూస్తే 710. మామూలుగా మూడు డోసులతో వచ్చే బలం ఒక్క డోసుకే వచ్చిందంటే, ఇరవై ఏళ్ల కిందటి పాఠం మర్చిపోలేదనే కదా! ఆ రిపోర్టు పట్టుకెళ్లి మా ఆవిడకి చూపించాను. బూస్టర్ వేయించకపోవడం తప్పు కాదని అప్పుడే ఒప్పుకుంది, సగం.

తర్వాత ఆ కుర్ర డాక్టరే అలాస్కా సంగతి చెప్పాడు. అక్కడ 1981లో పదిహేను ఊళ్లలో 1,578 మందికి ఈ టీకా వేసి, ఏళ్ల తరబడి వెంటపడి చూశారు. 30 ఏళ్ల తర్వాత కూడా 51 శాతం మందికి టైటర్ 10కి పైనే ఉంది. తగ్గినవాళ్లకు ఒక్క డోసు వేస్తే, వాళ్లలో 88 శాతం మందికి నెలలో మళ్లీ పైకి లేచింది. మొత్తం మీద నూటికి తొంభై మందికి పైగా రక్షణ ఉన్నట్టే. ఆ అలాస్కా వాళ్లకు టీకా వేసింది ఆరు నెలల వయసు దాటాక. పుట్టగానే వేయించుకున్న మన పిల్లలకు టైటర్ ఇంకా తొందరగా పడిపోతుంది, కాలేజీకొచ్చేసరికి చాలామందికి 10 లోపే ఉంటుంది. అందుకే అందరికీ టైటర్ పరీక్షలు చేయించి భయపడటం దండగ. మా వీధి చివర ల్యాబ్ వాళ్లు "ఫుల్ బాడీ ప్యాకేజీ"లో దీన్ని కూడా కలిపి, ఎర్ర అక్షరాల్లో "తక్కువ" అని ప్రింటు చేసిస్తున్నారు. అది చూసి ఎన్ని ఇళ్లలో అన్నం మానేశారో!

ఇది ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు వర్తించదు, వాళ్లకి లెక్క వేరు. టీకా పూర్తయ్యాక ఒకటి రెండు నెలలకు టైటర్ చూసుకుని 10 దాటిందని కాగితం పెట్టుకోవాలి. మా అమ్మాయికి ఆ కాగితం లేదు కాబట్టి, ఆ రోగికి పాజిటివ్ వచ్చి ఉంటే టీకాతో పాటు తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా ఇచ్చేవాళ్లట. డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఏటా చూపించుకోవాలి. తల్లికి ఈ జబ్బుంటే బిడ్డకి పుట్టిన 12 గంటల్లోపే టీకా, ఆ యాంటీబాడీలు రెండూ పడాలి. పసిబిడ్డకు అంటుకుంటే నూటికి 90 మందికి జన్మంతా ఉండిపోతుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఆ రాత్రి ఆ డాక్టరు చివర్లో అడిగాడు: "మీరు వేయించుకున్నారా అండీ?" నేను నోరు తెరిచాను. 1973లో పుట్టినవాణ్ణి, మా చిన్నతనంలో మన దగ్గర ఈ టీకానే లేదు. మన హైదరాబాదులో శాంతా బయోటెక్ వాళ్లు 1997లో చవగ్గా తెచ్చేదాకా మనలాంటివాళ్లకు అందే ధరే కాదు. దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో చేరింది 2011లో. పిల్లల బూస్టర్ గురించి పోట్లాడుకున్న మేమిద్దరం ఒక్క డోసూ వేయించుకోలేదు! ఏళ్ల తరబడి వీధి మంగలి షాపులో ఎవరి బ్లేడుతోనో గడ్డం గీయించుకున్న గడ్డం ఇది. ఎండిన రక్తపు మరకలో ఈ వైరస్ 7 రోజులు బతికే ఉంటుందని విన్నప్పుడు గడ్డం తడుముకున్నాను.

ఇద్దరం ముందు రక్తపరీక్ష చేయించుకున్నాం, ఏమీ లేదు. తర్వాత మూడు డోసులూ వేయించుకున్నాం. మీరు మీ గురించి అడిగారు గానీ, మీ అమ్మానాన్నల సంగతేంటి?

మా బావమరిది మాత్రం వినడు. పదేళ్ల కిందట పచ్చకామెర్లొస్తే ఎక్కడో పసరు పోయించుకుని వచ్చాడు, తగ్గిపోయింది. పెద్దయ్యాక హెపటైటిస్ బి వస్తే నూటికి 95 మందికి దానంతటదే తగ్గుతుంది, కానీ పేరు మాత్రం పసరుకి. మిగిలిన ఐదుగురికి లోపల ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండిపోతుంది. అతనికి వచ్చిన కామెర్లు ఏ రకమో కూడా తెలియదు. "ఒక్కసారి రక్తం ఇచ్చిరా బావా" అంటే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటాడు. వచ్చే నెల వాళ్ల అబ్బాయి నిశ్చితార్థం. ఆ పనులు కాగానే నేనే స్కూటర్ మీద ఎక్కించుకుని ల్యాబుకి తీసుకెళ్లాలి.